తెలియదని చెప్పని ప్రోగ్రాం

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో మా పక్క బ్లాకులో ముగ్గురు తెలుగు పిల్లలు అద్దెకుంటున్నారు. ముగ్గురూ గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరారు. ఆదివారాలు పప్పు, గోంగూర పచ్చడి కోసం మా ఇంటికి వస్తారు. "ఆంటీ, మీ రోజుల్లో ఈ పని ఎలా ఉండేది?" అని అడుగుతారు. అప్పటి కంప్యూటర్లు ఎంత నెమ్మదిగా నడిచేవో చెబితే నవ్వుకుందామని వాళ్ళ సరదా. ఆ కబుర్లు చెప్పాలంటే నాకు విసుగు. ప్రమోషన్ల సంగతి వాళ్ళకి అక్కర్లేదు, నాకు గొప్పగా వచ్చిందీ లేదు. చెప్పవలసింది ఒకటుంది. అది పచ్చడి కలుపుకుంటూ చెప్పేది కాదు కనక రాస్తున్నాను.

నోయిడాలో నేను రిటైరయ్యేదాకా పనిచేసిన కంపెనీ చేసే పని ఇది. జనం ఫోను చేసి ఫలానా చోట మందుల షాపు ఉందా, టైర్లకి పంక్చర్ వేసేవాళ్ళున్నారా అని అడుగుతారు. మా ఆఫీసు అమ్మాయిలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్క్రీను చూసి చెబుతారు. దుకాణం పేరు పక్కన చుక్క ఉంటుంది. పచ్చదైతే ఇప్పుడు తెరిచి ఉన్నట్టు, ఎర్రదైతే మూసి ఉన్నట్టు. ఆ చుక్క రంగు తేల్చే ప్రోగ్రాం నేను రాసింది. అందులో ఒక్క లైను వల్ల ఒక పెద్దమనిషి ఉద్యోగమూ పేరూ పోయాయి. తప్పు ఆయనది కాదు, నాది. ఇది ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా దాచి కథలా చెప్పే ఓపిక నాకు లేదు.

ఢాబా ఆయన ఫోను

దుకాణం తెరిచి ఉందో లేదో చెప్పడం ఏం బ్రహ్మవిద్య అనుకున్నాను. తెరిచే టైము, మూసే టైము, గడియారంలో ఇప్పటి టైము. మధ్యలో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఒక పూటలో రాసేసి సాయంత్రం చార్టర్డ్ బస్సులో కిటికీ సీటు పట్టుకుని హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి ఢిల్లీ మొత్తం ఎర్రచుక్కలే. మా సర్వర్ ఎక్కడో అమెరికాలో ఉంది, దాని గడియారం అక్కడి టైము చూపిస్తోంది. అక్కడ ఇంకా తెల్లారలేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సరిచేశాను.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం ఒక ఢాబా ఆయన ఫోను చేసి, ప్రోగ్రాం రాసినవాళ్ళని పిలవమన్నాడట. తీసుకున్నాను.

"మేడమ్ జీ, ఒక్క మాట చెప్పండి. నా ఢాబా మూతపడిందా? మా బావగారు మీకు ఫోను చేస్తే మూసేసి ఉందన్నారట. వారం తర్వాత మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. పాపం, నాకేమయిందోనని పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు."

ఆయన సాయంత్రం ఏడింటికి తెరిచి రాత్రి రెండింటికి మూస్తాడు. నా ప్రోగ్రాం ఇరవై నాలుగు గంటల లెక్క ప్రకారం పంతొమ్మిది కంటే పెద్దది, రెండు కంటే చిన్నది అయిన గంట ఏదో వస్తేనే ఆయన ఢాబా తెరిచినట్టు. అలాంటి గంట ఏ గడియారంలోనూ లేదు. మూసే టైము అర్ధరాత్రి దాటితే లెక్క వేరే వేయాలన్న ఇంగితం నాకు లేకపోయింది. సాయంత్రం ఆరున్నరకల్లా బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని, ఊరంతా నాలాగే తలుపులేసుకుంటుందనుకున్నాను.

ఆ తప్పు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. పిల్లలకి అదే చెబుతాను, వాళ్ళు నవ్వుతారు. నవ్వుతూ చెప్పుకోగలిగిన తప్పులు మనకి ఏమీ నేర్పవని నా అభిప్రాయం.

రామ్‌నివాస్ జీ పుస్తకం

దుకాణాల వివరాలు ఆకాశం నుంచి ఊడిపడవు. ఒక మనిషి బజారు బజారూ తిరిగి రాసుకు రావాలి. మాకు అలాంటివాళ్ళు నలుగురుండేవారు. వాళ్ళలో పెద్దాయన రామ్‌నివాస్ జీ. యాభై దాటిన మనిషి, అంతకుముందు బట్టల కొట్టులో గుమాస్తా. ఆ కొట్టు మూతపడితే బావమరిది మా ఆఫీసులో ఎవరినో పట్టుకుని ఈ ఉద్యోగం ఇప్పించాడు. భుజాన గుడ్డసంచి, జేబులో బస్సు పాసు, కాళ్ళకి అరిగిపోయిన చెప్పులు. వచ్చిన ప్రతిసారీ ముందు నా టేబుల్ దగ్గర ఆగి "నమస్తే మేడమ్, తబియత్ ఠీక్ హై?" అని నా ఆరోగ్యం అడిగేవాడు. ఆఫీసులో నన్ను అలా అడిగిన మనిషి ఇంకొకరు లేరు.

ఢిల్లీలో బజారుకో సెలవు. ఒక బజారు సోమవారం మూస్తారు, ఇంకోటి మంగళవారం, మరోటి ఆదివారం. ఆ రోజు బజారంతా షట్టర్లు దించేస్తుంది. అంతవరకు నా ప్రోగ్రాంకి తెలుసు, వారానికొక సెలవు కాలమ్ పెట్టాను. మందుల షాపుల దగ్గర వచ్చింది చిక్కు.

మాకు కాగితాలు నింపేటప్పుడు రామ్‌నివాస్ జీ ఒక బజారులోని నాలుగు మందుల షాపులకి సెలవు కాలమ్ ఖాళీగా వదిలేశాడు. ఎందుకని అడిగాను. సంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశాడు. కంపెనీ ఇచ్చిన ఫారాలు కాక తన కోసం రాసుకునే పుస్తకం అది. చక్కని హిందీ అక్షరాలు.

"చూడండి మేడమ్. సోమవారం బజారు బంద్. కానీ మందుల వాళ్ళు నలుగురూ మాట్లాడుకుని బారీ, అంటే వంతులు, కట్టుకున్నారు. ఒక్కో సోమవారం ఒక్కరు తెరుస్తారు. మిగతా ముగ్గురూ షట్టరుకి అట్టముక్క కడతారు, ఈ వారం ఫలానావాళ్ళు తెరిచారు అని. ఒకరింట్లో పెళ్ళయితే బారీ మారుతుంది. నేను బంద్ అని రాస్తే అబద్ధం, తెరిచి ఉంది, ఖులా అని రాస్తే అబద్ధం. అందుకని ఖాళీ వదిలాను."

ఆ పేజీలో చివర గీత గీసి రాశాడు: సోమవారం బారీ బారీగా, ముందు ఫోను చేసి అడగాలి.

"మీరు దీనికో కాలమ్ చేయండి మేడమ్. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. నేను కొత్తది కొనుక్కుంటాను," అన్నాడు. వంతులు కట్టుకున్న బజార్లు ఇంకా పదో పన్నెండో ఉన్నాయట, అన్నీ అందులోనే ఉన్నాయి.

ఏసీలో కూర్చుని కీబోర్డు కొట్టే నాకంటే ఎండలో తిరిగే ఆయనకి నా పని బాగా అర్థమైంది. ఈ మాట ఇప్పుడు సులువుగా రాస్తున్నాను. అప్పుడు ఆయనకి చెప్పి ఉంటే బాగుండేది.

పసుపు చుక్క

పుస్తకం తీసుకుని మా బాస్ మెహతా సార్ దగ్గరికెళ్ళాను. పచ్చా ఎరుపూ కాక మూడో చుక్క కావాలన్నాను. పసుపుది. అంటే మాకు తెలియదు, వెళ్ళేముందు ఫోను చేసి కనుక్కోండి అని.

మెహతా సార్ కేకలేసే రకం కాదు. కుర్చీలో వెనక్కి వాలి చాలా మర్యాదగా మాట్లాడతాడు. మర్యాదగా మాట్లాడే బాసులతోనే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే వాళ్ళతో దెబ్బలాడడానికి మనకి నోరు రాదు.

"మేడమ్, ఫోను చేసేవాళ్ళకి జవాబు కావాలి. మీరు వాళ్ళకి తిరిగి ప్రశ్న ఇస్తానంటున్నారు. మాకు తెలియదు అని చెప్పడానికి ఇంత పెద్ద ఆఫీసు ఎందుకు?"

"కానీ సార్, నిజంగా తెలియదు కదా."

"మందుల షాపు ఎప్పుడైనా మూస్తారా? ఖాళీ ఉంటే ఖులా. సింపుల్."

సింపుల్ కాదని నాకు తెలుసు. పుస్తకం నా చేతిలోనే ఉంది. తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టొచ్చు. "ఠీక్ హై సార్" అని వచ్చేశాను. సెలవు కాలమ్ ఖాళీగా ఉంటే పచ్చచుక్క చూపించమని ఒక లైను రాశాను. దాని పక్కన, మిషను చదవని చోట, తర్వాత సరిచేయాలి అని ఇంగ్లీషులో రాసుకున్నాను. పుస్తకం డ్రాయరులో పెట్టాను.

పిల్లలూ, మీరూ ఇలా రాసుకుంటారని నాకు తెలుసు. తర్వాత సరిచేయాలి అని రాసుకుంటే మనసుకి సరిచేసినంత హాయిగా ఉంటుంది. ఇక ఆ జోలికి పోము.

లలిత

అప్పట్లో మేము ఆర్.కె. పురంలో మావారి క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా పై ఇంట్లో లలిత. కర్నూలు వైపు పిల్ల, ఆమె భర్త ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు, అతనికి ఉబ్బసం. మా కంపెనీ నంబరు ఆ బ్లాకులో ఇంటింటికీ ఇచ్చింది నేనే. ఏం కావాలన్నా ఈ నంబరుకి ఫోను చేయండమ్మా, మా వాళ్ళు చెబుతారు అని గొప్పలు పోయాను. లలిత దాన్ని క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసుకుంది.

దీపావళి వెళ్ళిన మూడో రోజు, సోమవారం. ఊరంతా పొగ. పగలు పదకొండింటికి అతనికి ఆయాసం ఎక్కువైంది. పీల్చే మందు అయిపోయింది. రోజూ కొనే షాపువాళ్ళు పండక్కి ఊరెళ్ళారు. లలిత మా నంబరుకి ఫోను చేసింది. మా ఆఫీసు అమ్మాయి స్క్రీను చూసి, ఫలానా బజారులో నాలుగు మందుల షాపులున్నాయి, నాలుగూ తెరిచే ఉన్నాయి అని చెప్పింది. నాలుగు పచ్చచుక్కలు.

లలిత ఆటోలో వెళ్ళింది. మొదటి దానికి షట్టరు, రెండోదానికి షట్టరు. అట్టముక్కలు వేలాడుతున్నాయి, హిందీ చదవడం ఆమెకి రాదు. మూడోదీ మూసి ఉంది. నాలుగోది తెరిచే ఉంది, కానీ అది బజారు అవతలి మూల, సందులో. మూడూ మూసి ఉంటే నాలుగోది మాత్రం ఉంటుందా అనుకుని అదే ఆటోలో ఇంకో బజారుకి పోయింది. మందు కొని తిరిగొచ్చేసరికి పక్కింటివాళ్ళు అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు.

తొమ్మిది రోజులు ఉన్నాడు ఆసుపత్రిలో. బతికాడు. ఆ తర్వాత కూడా మా ఇంటి ముందు నుంచి పై అంతస్తుకి ఎక్కేటప్పుడు ప్రతి పది మెట్లకీ ఆగేవాడు. మా వంటింట్లోకి ఆ ఊపిరి వినిపించేది.

మీటింగు

లలిత మరిది మా కంపెనీ పెద్దలకి గట్టిగా ఉత్తరం రాశాడు, పేపరుకెక్కిస్తానన్నాడు. మెహతా సార్ మీటింగు పెట్టాడు. ఆయన, నేను, బజార్లు తిరిగే నలుగురు.

కాగితాలు బల్ల మీద పరిచాడు. "ఈ కాలమ్ ఖాళీగా ఎవరు వదిలారు?"

"నేనే సార్," అన్నాడు రామ్‌నివాస్ జీ.

"ఎందుకు వదిలారు? అక్కడికి వెళ్ళారా అసలు? ఇంట్లో చాయ్ తాగుతూ నింపేశారా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రోగ్రాంని వదిలేసి కాగితం మీద పడ్డాడు. మెహతా సార్ భయం నాకు అర్థమైంది. ఖాళీ ఉంటే ఖులా అన్న మాట ఆయనది. దానికి సాక్షిని నేనొక్కదాన్నే, రాసిన చెయ్యీ నాదే. ఆ గదిలో తప్పు మోయడానికి మా ఇద్దరికీ రామ్‌నివాస్ జీ అవసరం ఒకేలా వచ్చి పడింది.

"సార్, నేను పూరా వివరం రాశాను. బారీ సంగతి, ఫోను చేయాలన్న సంగతి, అంతా. నా పుస్తకం మేడమ్ దగ్గర ఉంది," అన్నాడాయన. అని నా వైపు చూశాడు. కంగారు లేదు ఆ చూపులో. నేను లేచి వెళ్ళి తెస్తానని ఎదురుచూస్తున్నాడు, అంతే.

మెహతా సార్ నన్ను అడిగాడు. "ఉందా మేడమ్ మీ దగ్గర?"

డ్రాయరు ఆ గదికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

"పతా నహీఁ సార్," అన్నాను.

తెలియదని. నా ప్రోగ్రాంకి నేను నేర్పని మాట. అది చెప్పవలసిన చోట చెప్పనివ్వలేదు, చెప్పకూడని చోట నేను చెప్పాను.

రామ్‌నివాస్ జీ గట్టిగా అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన సంచి సర్దుకున్నాడు. ఆ సాయంత్రమే తీసేశారు. దుకాణాలకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని తప్పుడు వివరాలు నింపాడు అని కాగితం మీద రాసి మరీ పంపారు. ఆ ముక్క ఉంటే ఈ పనిలో ఇంకెవరూ తీసుకోరు.

నాకు గతిలేక అలా చేశానని చెప్పుకోవడానికి లేదు. మావారిది సర్కారు ఉద్యోగం, నా జీతం ఆగితే మా పొయ్యి ఆగదు. నలభై నాలుగేళ్ళ వయసులో, సగం వయసు కుర్రాళ్ళ మధ్య, తప్పు చేసిన ఆడమనిషి అనిపించుకోవడానికి భయపడ్డాను. అంతే కారణం. ఇంతకంటే పెద్దది ఏదైనా దొరుకుతుందేమోనని చాలా ఏళ్ళు వెతికాను.

ఇంటికొస్తే లలిత మెట్ల దగ్గర కనిపించింది. "అక్కా, మీ ఆఫీసోళ్ళు ఉత్తరం పంపినారు. ఎవరో ముసలాయన యాడికీ తిరక్కుండా ఇంట్లో కూసోని రాసినాడంట కదా. వానికి బుద్ధి ఉండొద్దా?" అంది.

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. "ఊఁ" అన్నాను.

మరో నెలకి మెహతా సార్ పెద్దల ముందు కొత్త ఆలోచన ఒకటి పెట్టాడు. పసుపు చుక్క. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రోగ్రాం నన్నే రాయమన్నాడు. బజార్ల వివరాలన్నీ రామ్‌నివాస్ జీ పుస్తకం డ్రాయరులో సగం తెరిచి పెట్టుకుని చూసి రాశాను. ఎవరైనా వస్తే మోకాలితో డ్రాయరు మూసేదాన్ని.

జనక్‌పురి

రిటైరైన రోజు డ్రాయరు ఖాళీ చేస్తే అడుగున ఆ పుస్తకం ఉంది. పోయిందేమీ కాదు, అక్కడ ఉందని నాకు రోజూ తెలుసు. మొదటి పేజీలో ఆయన పేరు, జనక్‌పురి అడ్రసు. ఎప్పుడైనా వెళ్ళి ఉండొచ్చు. పద్నాలుగేళ్ళలో నేను ఎప్పుడూ వెళ్ళలేదు.

ఈ వేసవిలో వెళ్ళాను. మార్కెట్టు వెనక రెండు గదుల వాటా. తలుపు ఆయనే తీశాడు. జుట్టంతా నెరిసింది, కళ్ళకి మందపాటి అద్దాలు. నన్ను గుర్తుపట్టడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"నమస్తే మేడమ్. తబియత్ ఠీక్ హై?"

వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చింది. నేనెవరని చెప్పాలో ఆయనకి తోచలేదు, ఆఫీసు మేడమ్ అన్నాడు. ఆవిడ గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పుస్తకం తీసి ఇచ్చాను. ఇది నా దగ్గరే ఉంది భాయీసాబ్, ఆ రోజు కూడా ఉంది, నేను అబద్ధం చెప్పాను అన్నాను. బస్సులో దారి పొడుగునా హిందీలో కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. బయటికి వచ్చినవి ఇవే.

ఆయన పేజీలు తిప్పాడు. ఆ పేజీ దగ్గర ఆగి గీత గీసిన చోట వేలు పెట్టి చదువుకున్నాడు. "ముఝే పతా థా మేడమ్, తెలుసు నాకు, మీ దగ్గర ఉందని," అన్నాడు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాకు ఆ ఉద్యోగం మా బావమరిది ఇప్పించాడు. ఇంట్లో కూర్చుని రాశానని అతనికి ఆఫీసులో చెప్పారు. నువ్వు నా పరువు తీశావు అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో అన్నం తినలేదు. రాఖీకి వస్తాడు, గుమ్మం దగ్గర నిలబడి కట్టించుకుని వెళ్ళిపోతాడు. మా ఆవిడకి తోడబుట్టినవాడు, దానికి ఎలా ఉంటుంది చెప్పండి."

లోపలి గదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"పుస్తకం చూపిస్తే నమ్మడు. ఇప్పుడు కూర్చుని రాశావంటాడు. మీరు రాసివ్వండి," అన్నాడు. లోపల్నుంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

రాశాను. నా హిందీ అక్షరాలు చిన్నపిల్లలవిలా ఉంటాయి. రామ్‌నివాస్ జీ దుకాణాలన్నిటికీ స్వయంగా వెళ్ళారు, వివరాలు సరిగ్గా రాశారు, ఆ పుస్తకం నా దగ్గర ఉండగా లేదన్నట్టు మాట్లాడాను, తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. సంతకం పెట్టాను. కింద తారీఖు వేశాను.

ఆయన కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తారీఖు దగ్గర ఆగాడు.

"మేడమ్, ఇవాళ్టిది వేశారు. ఆ రోజుది వేయండి. అప్పుడే రాసిచ్చారంటే అతను నమ్ముతాడు."

పెన్ను మళ్ళీ నా చేతికిచ్చాడు. నేను పట్టుకున్నాను గానీ కాగితం మీద పెట్టలేకపోయాను.

"ఆ రోజు నేను రాయలేదు కదా, భాయీసాబ్," అన్నాను.

ఆయన పెన్ను వెనక్కి తీసుకున్నాడు. "హాఁ," అన్నాడు, "అదీ నిజమే." కాగితం నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో ఆ పేజీ దగ్గర ఉంచాడు. పుస్తకం తీసుకుని, నన్ను అక్కడే కూర్చోబెట్టి, లోపల ఉన్న ఆవిడకి చదివి వినిపించడానికి వెళ్ళాడు.